యంత్రనేత్రం – మన రెండు లిపులు

గ్రంథాలయం అనే మాటకు హైదరాబాదు చరిత్రలో విశేషమైన గౌరవం ఉంది. 1891లో అసఫియా గ్రంథాలయం, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఈ నగరంలో వెలిశాయి. మొదటిది అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలకు ఆలవాలమైతే, రెండవది తెలుగు చదువరులకు నీడనిచ్చింది. పుస్తకం కొనలేనివాడు కూడా పండితుడు కావచ్చుననే విశ్వాసమే ఆ రెండింటికీ పునాది.

నేటి కంప్యూటరు శాస్త్రజ్ఞులు కూడా ‘లైబ్రరీ’ అనే మాటనే వాడుతున్నారు. అయితే వారి లైబ్రరీలో ఉండేవి పుస్తకాలు కావు. ఒక్కొక్క పనిని చేయించడానికి ముందుగానే రాసి, పరీక్షించి ఉంచిన ఆదేశాల సంపుటాలు. అవసరమైనవాడు తనకు కావలసిన ఆదేశాన్ని పిలిచి పని చేయించుకుంటాడు. చిత్రాలను పరిశీలించే పనికి అటువంటి లైబ్రరీలలో లోకమంతటా పేరుపొందినది ఓపెన్‌సీవీ. దాని మూలరచన ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని ఇతరులకు పంచవచ్చు, రుసుము లేదు. ఈ తెరిచిన గ్రంథాలయంలో మనం పాఠకులుగానే మిగిలిపోవాలా, లేక మన వంతు పుటను కూడా అందులో చేర్చాలా అన్నదే ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న.

దీని పుట్టుకను ముందుగా తెలుసుకోవడం మంచిది. గేరీ బ్రాడ్‌స్కీ అనే శాస్త్రజ్ఞుని చొరవతో 1999లో ఇంటెల్ సంస్థలో ఈ కార్యక్రమం ఆరంభమైంది. 2000లో దీని తొలి నమూనాను విద్వాంసుల ముందుంచారు. 2006లో మొదటి పూర్తి కూర్పు వెలువడింది. ఇంటెల్ దీనిని కేవలం ధర్మబుద్ధితో చేయలేదు. చిత్రాలను విశ్లేషించడానికి వేగమైన ప్రాసెసర్లు కావాలి. అటువంటి పనులు పెరిగితే ప్రాసెసర్ల గిరాకీ కూడా పెరుగుతుంది. వ్యాపార ప్రయోజనంతో తవ్విన చెరువైనా, దాని నీరు ఊరందరి దాహం తీర్చింది. 2005లో అమెరికాలోని మొహావీ ఎడారిలో సుమారు 212 కిలోమీటర్ల దారిని డ్రైవరు లేకుండా దాటి పందెం గెలిచిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కారు ‘స్టాన్లీ’కి చూపునిచ్చిన సాధనాలలో ఇది కూడా ఒకటి. అక్కడ ఉపయోగపడిన ఆ సాధనాన్నే ఈనాడు మన కళాశాల విద్యార్థి సైతం పైసా ఖర్చు లేకుండా తన కంప్యూటరులోకి దించుకోగలడు. ‘ఉచితంగా దొరికేది నాసిరకం’ అనే అపోహకు ఇంతకంటే సమాధానం అక్కరలేదు.

ఇక యంత్రం చూసే తీరు. మనకు పుటగా కనిపించేది దానికి అంకెల పట్టిక మాత్రమే. నలుపు తెలుపుల చిత్రంలో ప్రతి బిందువుకూ 0 నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది. 0 కారు నలుపు, 255 తెల్లని తెలుపు. నిలువున వెయ్యి, అడ్డంగా వెయ్యి బిందువులున్న చిన్న చిత్రమే పది లక్షల అంకెలు. ఆ అంకెలలో సిరా ఏది, కాగితం ఏది అని విడదీయడం మొదటి పని. జపాను శాస్త్రజ్ఞుడు నొబుయుకి ఓత్సు 1979లో ప్రకటించిన పద్ధతి ఇందుకు నేటికీ వాడుకలో ఉంది. సాధ్యమైన ప్రతి సరిహద్దునూ పరీక్షించి, చీకటి బిందువుల గుంపూ వెలుగు బిందువుల గుంపూ ఒకదానికొకటి అత్యంత దూరంగా ఉండే సరిహద్దును అది ఎన్నుకుంటుంది. ఒక అంచు పసుపుబారిన పాత పుటకు ఒకే సరిహద్దు చాలదు. అప్పుడు పుటను చిన్న చిన్న భాగాలుగా చూసి, ఎక్కడికక్కడ వేరువేరు సరిహద్దులు నిర్ణయించే ఆదేశాలు కూడా ఇందులో ఉన్నాయి. ఈ విధంగా శుభ్రపడిన పుటను అక్షరాలు చదివే మరొక యంత్రాంగానికి అప్పగిస్తారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాత కాగితం మీద మరకలు సహజం. సిరా గుర్తులలో మరీ చిన్నవాటిని మరకలుగా భావించి చెరిపివేయమని యంత్రాన్ని ఆదేశించవచ్చు. కాని ఎంత చిన్నదాన్ని మరక అనుకోవాలో చెప్పే సంఖ్యను ఇచ్చేది మనిషి. ఇంగ్లీషు పుటలకు అలవాటుపడిన చేయి ఇచ్చిన సంఖ్య మన పుటలకు చేటు చేయవచ్చు. ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం మీది చుక్క పోయినా పాఠకుడు ఆ మాటను పోల్చుకోగలడు. ఉర్దూలో అలా కాదు. ఒకే రూపానికి కింద ఒక చుక్క ఉంటే ‘బే’, మూడు ఉంటే ‘పే’. పైన రెండు ఉంటే ‘తే’, మూడు ఉంటే ‘సే’. ‘దువా’కూ ‘దగా’కూ రాతలో భేదం ఒక్క నుక్తా మాత్రమే. ప్రార్థనను మోసంగా మార్చడానికి ఒక చుక్క చాలునన్నమాట!

తెలుగు కూడా తక్కువది కాదు. ప, స, హ వంటి అక్షరాలకు తలకట్టు విడిగా ఉంటుంది. అంటుకుని ఉన్న సిరాను ఒక ముక్కగా లెక్కించే యంత్రానికి అవి రెండేసి ముక్కలు. ‘దార’ అంటే భార్య, ‘ధార’ అంటే ప్రవాహం. వాటి మధ్య ఉన్నది ఒక చిన్న గీత. వరుస కింద వేలాడే ఒత్తు కింది వరుసలోని గుడిని తాకితే ఆ రెండు వరుసలను విడదీయడం కష్టం. నస్తాలీఖ్ లిపిలోనైతే పదం కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి వాలుగా దిగుతుంది. అడ్డగీత గీసి వరుసను కోయబోతే అక్షరమే తెగుతుంది. ఇవి యంత్రం దోషాలు కావు, మన లిపుల దోషాలు అంతకంటే కావు. ఆ అక్షరాలను ప్రేమించి ఎరిగినవాడు ఆ సంఖ్యలను నిర్ణయించే చోట లేకపోవడమే దోషం.

‘ఇదంతా ఇప్పుడెందుకు? నేటి యంత్రాలు తమంతట తామే నేర్చుకుంటున్నాయి కదా’ అని కొందరు విద్యార్థి మిత్రులు అడగవచ్చు. నిజమే, ఉదాహరణలను చూసి నేర్చుకునే పద్ధతులే నేడు ముందంజలో ఉన్నాయి. అయితే ఆ ఉదాహరణలు ఆకాశం నుంచి రాలవు. పుట చిత్రమూ, ఆ పుటలో ఉన్న పాఠమూ తప్పు లేకుండా జతచేసి ఎవరో ఒకరు సిద్ధం చేయాలి. ఇంగ్లీషుకు ఆ పని చేసే చేతులు కొల్లలు. పాత ఉర్దూ లిథో ముద్రణలకూ, అరిగిన అచ్చుతో వచ్చిన పాత తెలుగు పత్రికలకూ ఆ పని చేయవలసినవారు ఆ భాషలు చదవగలవారే. వారు చేయకపోతే యంత్రం ఎంత తెలివైనదైనా మన పుటల ముందు నిరక్షరాస్యగానే నిలబడుతుంది.

మరొక ఆక్షేపణ గంభీరమైనది. పుటను చూసే కన్నే మనిషి ముఖాన్నీ చూస్తుంది. వయోలా, జోన్స్ అనే శాస్త్రజ్ఞులు 2001లో ప్రతిపాదించిన ముఖాలను కనుగొనే పద్ధతి ఈ లైబ్రరీలో చాలాకాలంగా భాగమై ఉంది. ముఖం ఉన్నదని కనుగొనడం వేరు, అది ఎవరిదని నిర్ణయించడం వేరు. రెండవది పౌరుని స్వేచ్ఛకు సంబంధించిన విషయం. పోలీసుల ముఖగుర్తింపు విధానాన్ని ప్రశ్నించిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు జారీచేసింది. కత్తి వైద్యుని చేతిలోనూ ఉంటుంది, ఘాతకుని చేతిలోనూ ఉంటుంది. అందుకని కత్తి సంగతే మనకు వద్దనడం వివేకం కాదు. యంత్రం ఎక్కడ పొరబడగలదో ఎరిగిన పౌరుడే దాని తీర్పును ధైర్యంగా ప్రశ్నించగలడు. ముఖ్యంగా సంఖ్యలో అల్పులైన వర్గాల పిల్లలకు ఈ ఎరుక అలంకారం కాదు, ఆత్మరక్షణ.

కావున కళాశాల పాలకవర్గం పెద్దలకు ఒక మనవి. మన వార్షిక సంచిక ఒక అట్ట తెరిస్తే తెలుగు, రెండవ అట్ట తెరిస్తే ఉర్దూ. రెండు భాషలూ నడుమ పుటలో కలుసుకుంటాయి. ఈ పనిని ఆ పాత సంచికలతోనే ఆరంభించవచ్చు. కావలసినవి ఒక కంప్యూటరు, కెమెరాను కదలకుండా నిలిపే ఒక స్టాండు, సమంగా వెలుగునిచ్చే రెండు దీపాలు, వారానికి రెండు గంటల ప్రయోగశాల కాలం. లైబ్రరీకి వెల లేదు. ఉర్దూ విభాగం నుంచి ఐదుగురు, తెలుగు విభాగం నుంచి ఐదుగురు, వారికి తోడుగా కంప్యూటరు విద్యార్థులు చేరాలి. తొలి ఏడాది లక్ష్యం నూరు పుటలు చాలు. ప్రతి పుటనూ చిత్రించి, దాని పాఠాన్ని చేతితో టైపు చేసి, మరొకరు సరిచూడాలి. ఏ సంఖ్య దగ్గర చుక్క చెరిగింది, ఏ సంఖ్య దగ్గర మరక మిగిలింది అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచాలి. ఆ ఫలితాన్ని మనకు లభించినట్లే ఉచితంగా లోకానికి ఇవ్వాలి.

ఇందువల్ల ఉద్యోగాలు వస్తాయా అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. చిత్రవిశ్లేషణ తెలిసినవారికి ఆసుపత్రుల స్కానింగులలో, కర్మాగారాల తనిఖీలలో, వ్యవసాయంలో పని ఉంది. ఈ నూరు పుటల అనుభవం అందుకు మంచి అభ్యాసమే అవుతుంది. అయితే జీతం ఒక్కటే విద్యకు కొలమానం కాదని ఈ సంస్థను స్థాపించిన పెద్దలు నమ్మి ఉండకపోతే, ఇక్కడ రెండు భాషలకు చోటే ఉండేది కాదు.

విద్యార్థి సోదరీ సోదరులారా! తాత రాసిన ఉత్తరాన్ని చదవలేని మనుమడు ఉన్న ఇళ్ళు మన మధ్య ఎన్నో ఉన్నాయి. ఆ ఉత్తరాన్ని యంత్రం చదివి వినిపించే రోజు రావచ్చు. అది ‘దువా’ను ‘దువా’గానే చదవాలంటే, చుక్క విలువ తెలిసినవారు నేడే దాని పక్కన కూర్చోవాలి. తలుపు తెరిచే ఉంది. లోపలికి అడుగుపెట్టవలసినది మనమే.