ముంగిట్లో వర్షమాపకం

తొలకరి కురిసిన మరునాటి ఉదయం మన పల్లెల్లో ప్రతి నోటా వినిపించే ప్రశ్న ఒక్కటే: రాత్రి ఎంత వాన పడింది? దుక్కి పదునైందని ఒకరంటారు, చూరు తడవడమే గగనమని మరొకరంటారు. మండల కేంద్రంలో నమోదైన అంకె పత్రికలో వస్తుంది. కాని అక్కడ కురిసినంత వాన మన చేనులోనూ కురిసి ఉండాలన్న నియమం లేదు. ఉరుముల వాన ఒక ఊరిని ముంచి, పొరుగూరిని పొడిగా విడిచిపెట్టడం మనమెరిగినదే.

ఈ తేడా రైతు కుటుంబానికి ప్రాణప్రదమైనది. మెట్ట పైర్లకు సాధారణంగా 60 నుండి 75 మిల్లీమీటర్ల వర్షం కురిసిన తరువాతే విత్తుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. తొలి జల్లుకే తొందరపడితే, అప్పు తెచ్చి కొన్న విత్తనం మొలకెత్తి ఎండిపోతుంది. కనుక మన వానను మనమే కొలుచుకోవడం మేలు. దీనికి ఖర్చేమీ లేదు.

రెండు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ సీసా తీసుకోండి. నడుము దగ్గర నొక్కులు లేకుండా నిటారుగా ఉన్నదైతే మంచిది. మెడ కింద వంపు మొదలయ్యే చోట కోసి, మూత తీసిన పై భాగాన్ని గరాటులా తలకిందులుగా అందులో అమర్చండి. నీరు ఆవిరి కాకుండా ఇది కాపాడుతుంది. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక గులకరాళ్ళు వేసి, అవి పూర్తిగా మునిగేంత నీరు పోయండి. ఆ నీటి మట్టమే సున్నా. అక్కడి నుండి పైకి మిల్లీమీటర్ల స్కేలు అతికించండి.

దానిని చెట్లకు, గోడలకు దూరంగా, వాటి ఎత్తుకు కనీసం రెట్టింపు ఎడంలో ఉంచండి. గాలికి పడిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చండి. మన దేశ వాతావరణ శాఖ ఉదయం 8.30 గంటల నుండి మరునాటి 8.30 వరకు ఒక రోజుగా లెక్కిస్తుంది. మనమూ అదే వేళకు, కంటిని నీటి మట్టానికి సమానంగా ఉంచి చూడాలి. చూసిన వెంటనే నీటిని మళ్ళీ సున్నా గీతకు తేవాలి. వాన లేని రోజుల్లో తగ్గిన నీటిని నింపుతూ, దోమలు చేరకుండా తరచు మార్చాలి.

ఆ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు కురిస్తేనే అది వర్షపు దినం, 64.5 దాటితే భారీ వర్షం. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల డాబాపై 20 మిల్లీమీటర్లు కురిస్తే 2,000 లీటర్లు! అంతటి అనుగ్రహం మురుగుకాలువ పాలు కావడం తగునా? ఇంకుడుగుంత అవసరాన్ని ఈ అంకె ఇంటిల్లిపాదికీ బోధిస్తుంది.

ఈ బాధ్యతను పిల్లలకు అప్పగించండి. తేదీ, కొలత, ఆ రోజు పొలంలో జరిగిన పని ఒక నోటు పుస్తకంలో రాయించండి. వాన పడని రోజున సున్నా రాయడం మరవరాదు. రెండు వానల మధ్య ఎన్నాళ్ళు ఎడం వచ్చిందో తెలిపేది ఆ సున్నాలే. నాలుగైదు ఏళ్ళు గడిచేసరికి ఆ పుస్తకం మీ ఊరి వానకు నమ్మదగిన సాక్ష్యమవుతుంది.