పొలమారినప్పుడు

అన్నం తింటున్న మనిషికి పొలమారితే ఏం చేస్తాం? మంచినీళ్ల గ్లాసు అందిస్తాం, నడినెత్తిన మెల్లగా తడతాం, ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటాం. మా వీధిలో లెక్కల మాస్టారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రెండో రోజున ఆయనకు పొలమారింది. ఆయన భార్య, పిన్నిగారు, అలవాటుగా చెయ్యి ఎత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ తలకు ఎడమ పక్కన చర్మం కింద ఎముక లేదు.

బీపీ పెరిగి మెదడులో నరం చిట్లింది. వాచిన మెదడుకు చోటు దొరకాలని డాక్టర్లు పుర్రెలో అరచెయ్యంత ముక్క తీసి, పొట్ట మీద చర్మం కింద భద్రం చేశారు. మన దేశంలో చాలా ఆసుపత్రుల్లో చేసే పనే ఇది. వాపు తగ్గాక, కొన్ని వారాలకో నెలలకో, దాన్ని మళ్లీ తలకు అమరుస్తారు. మాస్టారికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ పిన్నిగారు ఆయన ఎడమ పక్కకు ఒత్తిగిల్లకుండా తలగడలు అడ్డం పెట్టి, ఆ పక్కనే చాప పరుచుకుని పడుకున్నారు. పడుకున్నారనడమే గానీ, నిద్రపోయారని చెప్పలేను.

ఆపరేషన్‌కు నాలుగు గంటలు పట్టింది. పిన్నిగారి పని మొదలై రెండేళ్లు దాటింది.

ఆ పని ఎలా చెయ్యాలో ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లు, మళ్లీ రావలసిన తేదీ ఉన్నాయి. మంచినీళ్లకు పొలమారే గొంతుకు చిక్కటి రాగి జావ నయమని ఆమె తనంతట తానే కనిపెట్టారు. పల్చటి నీళ్లు గబుక్కున జారిపోతాయి, మింగడం దెబ్బతిన్న గొంతు ఆ వేగాన్ని అందుకోలేదు. నిటారుగా కూర్చోబెట్టి చెంచా చెంచా పోయడం, కుడి బుగ్గలో ముద్ద మిగిలిపోయిందేమో చూడటం, స్పర్శ సరిగా తెలియని కుడి చేతికి వేణ్నీళ్లు కాలకుండా ముందు తన మోచేత్తో చూసుకోవడం, ఇవన్నీ అలాగే వచ్చాయి. ఒక రాత్రి ఫిట్స్ వస్తే చుట్టుపక్కల వాళ్లం పరిగెత్తాం. ఒకరు చేతిలో తాళాలగుత్తి పెట్టబోయారు, మరొకరు పళ్ల మధ్య చెంచా పెట్టమన్నారు. రెండూ పనికిరావు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంత చిన్న సంగతి ఇంటికి పంపేముందు ఆమెకు చెప్పి ఉంటే ఆ రాత్రి అంత భయంగా గడిచేది కాదు.

1949లో వెల్లూరులో డాక్టర్ జాకబ్ చాందీ దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు మన జిల్లా పట్టణాల్లోనే పుర్రె తెరిచి ప్రాణం నిలబెడుతున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలి చేసుకునే ఇంటికి కూడా ఆ వైద్యం అందింది. ఇది చిన్న మేలు కాదు, తలుచుకుని దణ్ణం పెట్టదగ్గ మేలు. అయితే ఆసుపత్రి గేటు దాటాక ఆ మనిషిని నిలబెట్టే భారం ఒక్క మనిషి భుజం మీద పడుతోంది. ఆ మనిషి చాలా ఇళ్లలో భార్యే. భార్యకు జబ్బు చేస్తే పుట్టింటి నుంచి తల్లో చెల్లెలో వస్తారు, భర్తకు చేస్తే భార్య ఉంటుంది. ఎప్పటినుంచో ఇదే రివాజు. ఈ రివాజును దాటినవాళ్లూ లేకపోలేదు. కణితి తీయించుకున్న భార్య గుండు చూసి ‘తిరుపతి ఎప్పుడు వెళ్లొచ్చారు?’ అని అడిగినవాళ్లకు ఓపిగ్గా సమాధానం చెప్పి, ఆ జుట్టు పెరిగాక కుట్ల మచ్చ నొప్పి పుట్టకుండా రెండు జడలు అల్లడం నేర్చుకున్న ఒక ఆటో డ్రైవరు నాకు తెలుసు.

మాస్టారికి పోయినవాటిలో పెద్దది మాట. ఎదుటివాళ్లు చెప్పేది చాలామటుకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది నోటికి రాదు. పెళ్లయిన నాటినుంచీ భార్యను ‘ఇదిగో’ అనే పిలిచిన మనిషి. ఆ ఒక్క మాటే మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా ఇదిగో, ఫ్యాన్ ఆపమన్నా ఇదిగో. కోపం వస్తే కంచం తోసేసేవారు. నలభై ఏళ్లలో ఒక్కనాడూ విసుక్కోని మనిషి అలా చేస్తే, అది మెదడుకు తగిలిన దెబ్బ అని తెలిసినా, గుండెకు తెలియదు కదా. వంటింట్లో మిక్సీ వేసి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్నని పిన్నిగారు చాలాకాలం తర్వాత చెప్పారు. మనిషి ఎదురుగానే ఉన్నాడు, బతికి బయటపడ్డాడని అందరూ సంతోషిస్తున్నారు. తన మనిషి మాత్రం ఇంకా ఇంటికి రాలేదు. ఆ బెంగ ఎవరితో చెప్పుకోగలదు?

అమెరికాలో 2011 జనవరి 8న కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తలలోంచి తూటా దూసుకుపోయింది. ఆమెకూ మెదడు ఎడమ పక్కే దెబ్బ తగిలింది, మాటే పోయింది. పుర్రెలో తీసిన భాగాన్ని ఆ మే నెలలో పూడ్చినప్పుడు, వ్యోమగామి అయిన భర్త మార్క్ కెల్లీ ఎండీవర్ వ్యోమనౌకలో భూమి చుట్టూ తిరుగుతున్నారు. మాట రాని నోటికి ఆమె చికిత్సలో పాట తోడైంది. మాట పోయినవాళ్లకు ఎన్నోసార్లు నోటికి అలవాటైన పాట, వారాల పేర్లు, అంకెల వరస మిగిలి ఉంటాయి. గొప్ప వైద్యం అందినా, ఏళ్లు గడిచినా ఆమె ఇప్పటికీ ప్రతి మాటనూ కష్టపడి కూడగట్టుకుంటారు.

పిన్నిగారికి ఈ కథ తెలియదు. ఒక సాయంత్రం ఊరికే ‘రెండు ఒకట్ల’ అన్నారట. ‘రెండు’ అన్నారు మాస్టారు. ‘రెండు రెళ్లు’ అంటే ‘నాలుగు’. రెండో ఎక్కం చివరిదాకా వెళ్లింది. ఆ రాత్రి ఆమె పన్నెండో ఎక్కం దాకా చెప్పించారు. స్పీచ్ థెరపిస్టు కోసం బస్సులో మూడు గంటలు వెళ్లాలి. నెలకు రెండుసార్లు వెళ్లేవారు. అక్కడ చెప్పిన ఒక సలహా పాటించడం ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. మాట కోసం ఆయన వెతుక్కుంటుంటే అందివ్వొద్దు, ఆగండి అన్నారు. అన్నీ నోటి దగ్గరికి అందించడం అలవాటైన ఆమెకు ఏమీ ఇవ్వకుండా ఎదురుచూడటం పెద్ద శిక్ష.

చూడవచ్చే మేమందరం కమలాపళ్లో, హార్లిక్స్ సీసానో తెచ్చి ‘మాస్టారికి ఎలా ఉంది?’ అని అడిగి వచ్చేశాం. ఆమెకెలా ఉందని నేనూ అడగలేదు. ఆయన మందులు గడియారం చూసి వేస్తూ తన బీపీ మాత్ర మానేశారని, ఆమె కళ్లు తిరిగి పడ్డాకే మాకు తెలిసింది. ఆ తర్వాత వీధిలో నలుగురం వంతులు వేసుకున్నాం. రోజుకు రెండు గంటలు ఎవరో ఒకరు వెళ్లి మాస్టారి దగ్గర కూర్చుంటాం, ఆమె తలుపు వేసుకుని పడుకుంటారు. కేరళ 2008లోనే పాలియేటివ్ సేవలకు విధానం తెచ్చింది, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పంచాయతీల తోడ్పాటుతో నర్సులు వెళుతున్నారు. మన దగ్గరా అలాంటి పలకరింపు ప్రతి వీధికీ రావాలి. కనీసం డిశ్చార్జికి ముందు ఒక పూట, చూసుకోబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పడం, తినిపించడం, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో చేయించి చూపడం ఆసుపత్రుల బాధ్యత కావాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, హడావుడిగా రెండు ముద్దలు మింగుతుంటే ఈసారి పిన్నిగారికే పొలమారింది. పక్క కుర్చీలో ఉన్న మాస్టారు పనిచేసే ఎడమ చెయ్యి చాచి ఆమె నెత్తిన తట్టారు. ‘ఎవరో...’ అన్నారు. తర్వాతి మాట రాలేదు. ఆమె కంచం పక్కకు జరిపి, అది వచ్చేదాకా కూర్చున్నారు.