నాటిన చేతిదే చెట్టు

మన్యప్రాంతపు దారిద్ర్యమును గూర్చి యోచించువారు సాధారణముగా ఒక సంవత్సరపు ఆదాయమును లెక్కించి, దానికి చాలినంత కూలియో, రాయితీయో, బియ్యమో చేర్చినచో సమస్య తీరునని తలంతురు. ఈ సహాయములు అవసరములే. ఆకలిగొన్న ఇంటికి వానిని వలదనుట క్రూరత్వము. కాని పాడేరు, చింతపల్లి, అరకు కొండలలో ఒక గిరిజన కుటుంబము తరతరములుగా పేదరికమున మ్రగ్గుటకు మూలకారణము, ఏడు గడచిన పిమ్మట ఆ ఇంటికి నిలిచియుండు ఆస్తి యేదియు మిగులకుండుట. జ్వరము వచ్చినను, పెండ్లి వచ్చినను, వాన మొగము చాటువేసినను షావుకారు గుమ్మము త్రొక్కక తప్పదు. పొలమున చెట్లను, ఆ చెట్ల నీడలో పంటలను కలిపి ఊరివారందరు ఒక కట్టుబాటుతో పెంచుకొను వనవ్యవసాయము ఈ లోటును తీర్పగల కొలది మార్గములలో ఒకటియని నేను విశ్వసించుచున్నాను. అయితే ఎన్ని లక్షల మొక్కలు నాటితిమను లెక్కవలన ఆ పని కాదు. నాటిన చెట్టు ఎవరిదను ప్రశ్నకు ప్రభుత్వము ఏమని సమాధానము చెప్పునో దానినిబట్టియే పేదవాని బ్రతుకు మారును, లేదా మారకుండును.

తూర్పుకనుమల గిరిజనులు అనాదిగా చేసిన పోడుసాగును విధ్వంసమని నిందించుట మనకొక పరిపాటియైనది. కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు, వలిసెలు చల్లి, రెండు మూడేండ్లు పండించుకొని, ఆ కొండను మరల అడవికే విడిచి వేరొక కొండకు పోవుట ఆ పద్ధతి. విడిచిన కొండ తేరుకొనుటకు తగినంత విరామము దొరకినన్నాళ్లు అందు పెద్ద దోషమేమియు లేదు. బ్రిటిషు ప్రభుత్వము అడవులను రిజర్వు చేసి హద్దులు నిర్ణయించిన నాటినుండి తిరుగుటకు చోటు తగ్గినది, పిదప జనసంఖ్య పెరిగినది, విరామము కుదించుకొనిపోయినది, ఏటేట వానలకు పైమన్ను గెడ్డలపాలైనది. దీనికంతకును గిరిజనుని అజ్ఞానమే కారణమనుట అన్యాయము. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చెలరేగిన మన్యపు తిరుగుబాటు వెనుకనున్న వేదనలలో పోడుపై విధింపబడిన ఆంక్షలు ముఖ్యమైనవను సంగతిని, నేడు ఆ వీరుని పేరిటనే వెలసిన జిల్లాలో పథకములు రచించువారు మరువరాదు.

సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, చల్లని కొండగాలిలో, నీడపట్టున పండు అరబికా కాఫీ ఈ కొండలలో పోడుకు ప్రత్యామ్నాయముగా విస్తరించినది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు, కాఫీ బోర్డును ప్రోత్సహింపగా చిన్నరైతులు ఎకరము రెండెకరముల చొప్పున నాటుకొన్న తోటలు నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరములను మించియున్నవి. ఆ తోటల అమరిక గమనింపదగినది. పైని సిల్వర్ ఓక్, పనస, మామిడి మున్నగు వృక్షముల నీడ. ఆ మ్రాకులను పెనవేసికొని ప్రాకు మిరియపు తీగ. నడుమ భుజమెత్తు కాఫీ పొద. అడుగున రాలిన ఆకు కుళ్లి నల్లబడిన, వాన ఎంత కురిసినను వాలు వెంట జారిపోని మన్ను. మార్చి, ఏప్రిల్ నెలల జల్లులకు పూచిన కాఫీ నవంబరు మొదలు జనవరి వరకు కోతకు వచ్చును; మిరియము ఆ వెనుక చేతికందును; పనస వేసవిని ఆదుకొనును; చోళ్లు, రాజ్మా, పసుపు వేరొక చెక్కలో పండును. ఇట్లు ఋతువుల మీద పరచుకొన్న ఆదాయమునకు ఒక గొప్ప గుణము కలదు: ఒక పంట ధర పడిపోయిన యేట వేరొకటి ఇంటిని నిలబెట్టును. ఎక్కడో న్యూయార్కు విపణిలో నిర్ణయమగు కాఫీ ధర తన చేతిలో లేని రైతుకు ఇంతకంటె మేలైన రక్షణ వేరొకటి నాకు తోచుట లేదు.

అయితే చెట్టునీడ ఒక్కటియే పేదరికమును పోగొట్టునని భ్రమపడకుండుటకు ఆ కొండలలోనే ఒక నిదర్శనమున్నది. చింతపల్లి, గూడెం కొత్తవీధి ప్రాంతములలో అటవీశాఖ నాటించి, పిదప రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ వశమైన కాఫీ తోటలు దాదాపు నాలుగువేల హెక్టారులు కలవు. అవే కొండలు, అదే పంట, అదే నీడ, పనిచేయునదియు ఆ గిరిజనులే. ఆ తోటల సంరక్షణము చిన్నరైతు తోటకంటె శాస్త్రీయముగనే ఉండవచ్చును. ఐనను అందు తరతరములుగా కాయ కోసినవానికి కూలి దక్కినదే గాని తోట దక్కలేదు; అతడు రోగమున పడిననాడు కూలియు ఆగినది. కొంచెము తక్కువ దిగుబడి నిచ్చు ఎకరమైనను తనదైన రైతు, ఆ ఎకరమును బిడ్డకు విడిచిపోగలడు. ఆ తోటలను తమకు పంచియీయవలెనని గిరిజనులు ఏండ్ల తరబడి కోరుచున్న కోరిక న్యాయమైనదనియు, దానిని నిరాకరించుటకు పాలనాసౌలభ్యము తప్ప వేరు కారణము కానరాదనియు నా అభిప్రాయము.

ఇక కాలమును గూర్చి. నీడచెట్టు ఎదిగి కాఫీ మొక్క కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. పేదవాడు అన్నాళ్లు ఏమి తిని వేచియుండును? ఈ ప్రశ్నకు సమాధానము లేని పథకములు కాగితముపై మాత్రమే అడవులను పెంచినవి. ఉపాధి హామీ చట్టము క్రింద గోతులు త్రవ్వుటకు, మొక్క నాటుటకు, కలుపు తీయుటకు రైతుకు తన తోటలోనే కూలి చెల్లించిన పద్ధతి ఈ విషయమున నేను చూచిన వానిలో వివేకవంతమైనది, ఏలయన ఆ కూలి ఒకే సమయమున నేటి గంజియు, రేపటి ఆస్తియు అయినది. గుజరాతులోని వాన్స్‌దా ప్రాంతమున బైఫ్ సంస్థ 1982లో ఆరంభించిన ‘వాడి’ పద్ధతియు ఈ సూత్రముపైననే నడచినది: ఎకరము మేర మామిడి, జీడిమామిడి, గట్లపై కలప, వంటచెరకు నిచ్చు చెట్లు, పండ్లచెట్లు కాపునకు వచ్చువరకు వాని నడుమ తిండిగింజలు, కూరగాయలు. ఈ పద్ధతినే నాబార్డు తన గిరిజనాభివృద్ధి నిధిద్వారా ఇతర రాష్ట్రములకు వ్యాపింపజేసినది. ఎక్కడ నీరు పోయుటకు, కంచె బాగుచేయుటకు మూడవ యేటివరకు సహాయము అందినదో అక్కడ తోటలు నిలిచినవి. నాటిన యేడు ఛాయాచిత్రము తీసికొని వెడలిపోయిన చోట్ల గోతులే మిగిలినవి.

ఒంటరి రైతు చేయజాలని పనులును ఇందు పెక్కు కలవు. ఒకని పోడుమంట ప్రక్కవాని కాఫీతోటను దహించును. ఒకని మేకలు పదిమంది మొక్కలను మేయును. మంటకును మేకకును ఊరి కట్టుబాటు తప్ప వేరు కంచె లేదు. కోసిన పండును ఆనాడే తొక్కతీయవలెను. అందుకు యంత్రము కావలెను. గింజ ఆరబెట్టుటకు శుభ్రమైన కళ్లము కావలెను. ఇవి లేని కుటుంబము అప్పుకు జమగా పచ్చికాయనే సంతలో షావుకారు చెప్పిన ధరకు కొలిచియిచ్చును. ఈ దోపిడీని అరికట్టుటకే 1956లో గిరిజన సహకార సంస్థ స్థాపితమైనది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద చిన్నరైతులు స్వయముగా సంఘటితులగుటకును వీలు కలిగినది. 2017లో పారిస్ నగరమున అరకు కాఫీ దుకాణము వెలసినది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ కీర్తికి తెలుగువారు గర్వించుట ఉచితమే. గర్వించిన పిమ్మట, అంగడిలో వినియోగదారు చెల్లించిన రూపాయిలో పెదబయలు సంతకు తట్ట మోసికొనివచ్చిన స్త్రీకి ఎంత చేరుచున్నదని అడుగుటయు మన బాధ్యతయే.

సిల్వర్ ఓక్ విషయమున నాకొక ఆక్షేపణ కలదు. ఆస్ట్రేలియానుండి వచ్చిన ఈ వృక్షము త్వరగా, నిటారుగా పెరుగును, మిరియపు తీగకు మంచి ఆధారమగును. అందుచేత నర్సరీలు దానినే విస్తారముగా పెంచియిచ్చినవి. కాని అది మనుష్యునకు పండునీయదు, పశువునకు మేతయు కాదు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరమును తాకిన హుద్‌హుద్ తుపాను మన్యములోనికి చొచ్చుకొనివచ్చి నీడచెట్లను కూల్చినప్పుడు, వాని క్రిందనున్న కాఫీ పొదలు కొన్ని విరిగినవి, మిగిలినవి ఎండపాలైనవి. తుపానును ఆపగల వృక్షజాతి యేదియు లేదు; అయినను పనస, నేరేడు, మామిడి, ఉసిరి, కానుగ కలగలిసిన నీడలో ఒక జాతి దెబ్బతిన్నను ఆదుకొనుటకు వేరొకటి మిగులును, ఇంటికి తిండియు దక్కును. ఏ చెట్టు ఎచ్చట నాటవలెనో ఊరిలోని వృద్ధులను అడిగిన పిమ్మటనే నర్సరీలు విత్తనము సేకరింపవలెను.

చెట్టుపై హక్కు ఎంతటి పని చేయగలదో తెలిసికొనుటకు ఆఫ్రికాలోని నైజర్ దేశమును చూడవలెను. ఫ్రెంచి పాలననాటి చట్టములచే అచ్చటి చెట్లన్నియు రాజ్యపు సొత్తుగా ఎంచబడుటచే, రైతు తన చేనిలో మొలచిన మొలకను పెరుగనీయక కొట్టివేసెడివాడు. పెంచినచో అటవీ అధికారి జరిమానా వేయుననునదే అతని భయము. 1980 దశకము నడిమినుండి ఆ నిర్బంధము ఆచరణలో సడలినది, మోళ్లనుండి చిగిర్చిన కొమ్మలను కాపాడుకొనుమని ప్రోత్సాహము లభించినది. మారాడి, జిండర్ ప్రాంతములలో దాదాపు 50 లక్షల హెక్టారుల పొలములు మరల చెట్లతో నిండినవి. అందులో అత్యధికభాగము ఎవరును నాటినది కాదు. రైతు కొట్టక విడిచినది.

మన దేశము 2014లో జాతీయ వనవ్యవసాయ విధానమును ప్రకటించి, ఇట్టి విధానమును స్వీకరించిన తొలి దేశమైనది. ఆ విధానము చెట్లు కొట్టుటకును, రవాణాకును గల నిబంధనలను సరళము చేయవలెనని స్పష్టముగా చెప్పినది. మన రాష్ట్రముననో, సొంతభూమిలోని చెట్టునైనను కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ముందనుమతి కోరుచున్నది. నియమము వెనుకనున్న సదుద్దేశమును నేను శంకింపను. దొంగకలప వ్యాపారము నిజమైన బెడదయే. కాని దరఖాస్తు వ్రాయనేరని కొండరైతుకు, కచేరీ చుట్టు తిరుగుటకు కూలిరోజులు పోగొట్టుకొనలేని కుటుంబమునకు, ఆ అనుమతి ఆచరణలో దళారికి చెట్టును సగము ధరకు అప్పగించుటగా పరిణమించును. చెట్టు అవసరమునాడు అమ్ముకొనుటకు వీలులేనిదైనచో అది పేదవాని ఆస్తియెట్లగును?

2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజన కుటుంబము సాగుచేయుచున్న భూమిపై నాలుగు హెక్టారుల పరిమితివరకు వారసత్వహక్కును, భార్యాభర్తల ఉమ్మడి పేర పట్టాను, ఊరి అడవిపై గ్రామసభకు సామూహికహక్కును గుర్తించినది. ఆ పట్టాలో భూమితోపాటు రైతు నాటిన చెట్లను జాతివారీగా నమోదుచేసి, వాని కలపపై హక్కును స్పష్టముగా వ్రాయవలెను. నమోదైన చెట్టును కొట్టుటకు గ్రామసభ తీర్మానమే అనుమతిగా చెల్లవలెను. అటవీశాఖకు సమాచారము చాలును. కాఫీ, మిరియము, కలప అమ్మిన సొమ్ము పట్టాలోని ఇరువురి పేరనున్న ఖాతాకే చేరవలెను, ఏలయన మొక్కకు నీరు మోసినదియు, పండు ఏరినదియు అధికభాగము స్త్రీయే. అటవీ అభివృద్ధి సంస్థ తోటలను మొదట అందు పనిచేయుచున్న కుటుంబముల సంఘములకు దీర్ఘకాలిక కౌలుకిచ్చి, మూడు కాపుల పిమ్మట హక్కుపత్రములుగా మార్పవచ్చును. దీనికి కొత్త నిధులు అంతగా అక్కరలేదు. జిల్లా యంత్రాంగము తలచినచో వచ్చు కోతకాలమునకు ముందే ఒక మండలమున చెట్ల నమోదు ప్రారంభింపవచ్చును.