చిన్న కండెన్సరు, చిన్నాయన మోటరు

మా వైపు ఇళ్ళలో ఫ్యాను తిరగకపోతే మొట్టమొదట వినిపించే మాట "కండెన్సర్ పోయింది". పాఠ్యపుస్తకాలు కెపాసిటర్ అని వ్రాయడం మొదలుపెట్టి ఎంతో కాలమయింది గానీ, జనగామ బజారులో పాత పేరు చెబితేనే పని త్వరగా అవుతుంది. రైతులకూ ఇది కొత్త వస్తువేమీ కాదు. 2004లో ఉచిత విద్యుత్తు ప్రకటించిన తరువాత, ఆ పథకానికి పెట్టిన షరతులలో పంపుసెట్టుకు కెపాసిటర్ బిగించుకోవడం కూడా ఒకటయింది.

నేను చెప్పబోయేది వాటికంటే ఎంతో చిన్నదాని గురించి. మైక్రోకంట్రోలరు తన లోపలే ఒక ప్రమాణ వోల్టేజిని తయారుచేసుకుని, బయటి కొలతలన్నిటినీ దానితో పోల్చి చెబుతుంది. ఆ వోల్టేజి బయటకు వచ్చే కాలి దగ్గర, కందిబేడలో సగం కూడా ఉండని కెపాసిటర్ ఒకటి పెట్టాలి. పెట్టినా పెట్టకపోయినా ఒకటేనని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. దాని మూల్యం చెల్లించినది మాత్రం మా చిన్నాయన.

ఆయనకు మహబూబాబాద్ దగ్గర రెండెకరాల మిరప తోట ఉన్నది. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు ఇవ్వబోతూ, ప్రభుత్వం రైతులను ఆటోస్టార్టర్లు తీసివేయమని కోరింది. అవి ఉంటే రాత్రింబగళ్ళు మోటర్లు నడిచి బోర్లు ఎండిపోతాయని భయం. చిన్నాయన మాట విని తీసివేశాడు. నేను ఉత్సాహపడి ఒక పెట్టె తయారుచేసి ఇచ్చాను. మూడు ఫేజుల వోల్టేజిని కొలుస్తుంది, ఏదైనా ఫేజు పోతేనో, బాగా తగ్గితేనో మోటరును ఆపుతుంది. లోపల ఏటిమెగా 328, కొలతకు దాని సొంత 1.1 వోల్టుల ప్రమాణం. సామానంతా కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నదే.

వారం తిరగకముందే ఫోను. "ఏందిరా బిడ్డా, కరెంటు మంచిగనే ఉంది, మోటరు దానంతట అదే బందయితాంది."

భూపాలపల్లిలో డిప్లొమా విద్యార్థులకు పాఠాలు చెప్పే మిత్రుణ్ణి అడిగాను. (చెల్పూరులో 1100 మెగావాట్ల విద్యుత్కేంద్రం పక్కనే ఉన్నా ఫోను ఛార్జింగు లేదంటూ మాట మధ్యలో మాయమయ్యే మనిషి.) పదహారు కొలతలు తీసుకుని సగటు కట్టమన్నాడు. కట్టాను. రెండు రోజులు బాగానే నడిచింది. మూడవనాడు మళ్ళీ ఆగింది. రెండు తడులు తప్పిన తరువాత చిన్నాయన నా పెట్టెను మంచె మీద పడవేసి పాత స్టార్టర్‌కే నేరుగా కలుపుకున్నాడు. ఆ స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేను ఎవరో ఎప్పుడో తప్పించి పెట్టారు. ఒక రాత్రి ఒక ఫేజు పోయింది. తెల్లవారేసరికి మోటరు వైండింగు కాలిన వాసన.

పెట్టె విప్పి చూస్తే ఆ కాలు ఖాళీగా గాలిలో ఉన్నది. డేటాషీటు ఏమంటుంది? శబ్దం తగ్గించడానికి అక్కడ కెపాసిటర్ "పెట్టవచ్చు" అంటుంది. ఆ "వచ్చు" నన్ను ముంచింది.

విషయం ఇంతే. కొలత జరిగే ప్రతిసారీ, ఒక్కొక్క బిట్టు తేల్చే క్షణంలో, లోపలి కన్వర్టరు ప్రమాణ వోల్టేజి నుండి గుటకెడు విద్యుదావేశం తాగుతుంది. బోరు దూరంలో ఉన్నా వాకిట్లో గోలెం నిండుగా ఉంటే చెంబు ముంచుకోవడానికి తడుముకోనక్కర లేదు. కెపాసిటర్ ఆ గోలెం. అది లేకపోతే పక్కన కాంటాక్టరు ఠక్కుమన్నప్పుడల్లా పుట్టే అలజడి ఆ కాలిని ఊపుతుంది. ప్రమాణం ఆరు శాతం పైకి ఊగిందనుకోండి, నిజంగా 370 వోల్టులు ఉన్న లైను 349గా కనిపిస్తుంది. నేను పెట్టిన హద్దు 350. మోటరు ఆగక ఏం చేస్తుంది?

సగటు పద్ధతితో నా తగవు ఇక్కడే. అటూ ఇటూ చెదిరే కొలతలను సగటు సర్దుతుంది, నిజమే. కానీ కొలబద్దే సాగితే పదహారుసార్లు కొలిచినా పదహారూ ఒకే వైపు తప్పుతాయి. పైసలలో దొరికే వస్తువు లేని లోటును ప్రోగ్రాముతో పూడ్చవచ్చునని పిల్లలకు నేర్పడం నాకు నచ్చదు. మిత్రుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

అట్లని పెద్దది పెడితే ఇంకా మంచిదని కూడా అనను. ఏటిమెగాకు 100 నానోఫారాడ్ల సిరామిక్ చాలు, కాలికి ఆనుకుని, భూమి వైపు దారి పొట్టిగా ఉంటే. ఎస్‌టీఎం32 ఎల్4 వంటి వాటి లోపలి ప్రమాణ బఫరుకు 1 మైక్రోఫారాడ్ వాడమన్నారు. అక్కడ అది మన ఇష్టం కాదు, ఆ బఫరు స్థిరంగా నిలవడానికి కావలసిన భాగం. పాత ఎంఎస్‌పీ430ఎఫ్169కు 10 మైక్రోఫారాడ్లు. అంత పెద్ద గోలెం నిండడానికి 17 మిల్లీసెకన్లు పడుతుంది, నిద్ర లేవగానే కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఏటిమెగాలో ఇంకొక చిక్కున్నది: ఆ కాలికి బయటి వోల్టేజి కలిపి, లోపలి ప్రమాణాన్ని కూడా ఎంచుకుంటే రెండూ ఒకదానితో ఒకటి షార్టవుతాయి. అయిదు వోల్టులకు కలిపేస్తే పోలా అనేవారు ఇది చూసుకోవాలి.

దీనికి తెలుగు మాట కోసం వెదికాను. "విడదీత కెపాసిటర్" అంటే కాపురం కూల్చేదానిలా ఉన్నది, "నిలకడ గోలెం" అంటే నలుగురూ నవ్వారు. మీకు మంచి మాట తోస్తే తెలుపగలరు.

మోటరు రీవైండింగు ఖర్చు నేనే ఇచ్చాను. ఎండిన రెండు సాళ్ళ మాట ఆయన ఎత్తలేదు. మొన్న కెపాసిటర్ అతికి, కాంటాక్టరును నలభైసార్లు కొట్టించి చూసి, పెట్టె మళ్ళీ తీసుకువెళ్ళాను. చిన్నాయన అటూ ఇటూ తిప్పి చూసి, "ముందు మీ ఇంట్ల బోరుకు పెట్టుకో, ఒక కారు గడవనీ" అన్నాడు. జనగామలో మా ఇంటి బోరుకు పెట్టుకున్నాను.