వేల్పూరునుండి విమానాశ్రయమునకు

విమానాశ్రయము ఎంత దూరమున నున్నదని అడిగినచో హైదరాబాదువారు వెంటనే సమాధానము చెప్పగలరు. నగరమధ్యమునుండి శంషాబాదు సుమారు 24 కిలోమీటర్లు. ఆ దూరమును సుగమము చేయుటకు మెట్రో రైలు వేయవలెనా, వేసినచో ఏ పేటల మీదుగా వేయవలెను అను చర్చ కొన్ని సంవత్సరములుగా సాగుచున్నది. చర్చ మంచిదే. కాని విమానమెక్కువారందరును నగరవాసులు కారు. నిజామాబాదు జిల్లాలోని వేల్పూరునుండి విమానాశ్రయమెంత దూరము అను ప్రశ్న ఆ చర్చలో వినబడుట అరుదు. ఆ దూరము రెండువందల కిలోమీటర్లకు పైమాట. దానిని కిలోమీటర్లలో కంటె ఖర్చులోను, నిద్రలేమిలోను, భయములోను కొలుచుట న్యాయము.

పసుపు పంటకు పేరుపొందిన ఆర్మూరు ప్రాంతములో వేల్పూరు ఒక మండలకేంద్రము. ఈ సీమనుండి బయటికి పోవునవి ముఖ్యముగా రెండు: ఒకటి పసుపు, రెండవది మనుష్యుల శ్రమ. పసుపు కొమ్ములు నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేరును. పనిచేయు చేతులు దుబాయికి, మస్కటునకు, సౌదీకి, కువైటునకు, ఖతారునకు చేరును. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో గల్ఫునకు పోయినవాడు లేని ఊరు కనబడుట కష్టము. ఇటీవలి కాలమున పైచదువులకై అమెరికాకు పోవు విద్యార్థులును వారికి తోడైరి. పసుపునకు ఒక జాతీయ మండలి కావలెనని రైతులు పలు సంవత్సరములు కోరగా, 2025లో అది నిజామాబాదు కేంద్రముగా ఏర్పడినది. మనుష్యుల ప్రయాణమునకు అట్టి శ్రద్ధ ఇంకను దక్కవలసియున్నది.

2008 మార్చికి ముందు హైదరాబాదు విమానాశ్రయము బేగంపేటలో నుండెడిది. ఉత్తర తెలంగాణమునుండి వచ్చు బస్సులు సికిందరాబాదులోని జూబ్లీ బస్ స్టేషనున ఆగును. అచ్చటినుండి బేగంపేటకు ఆటోలో కొద్దిసేపటి ప్రయాణము. శంషాబాదు విమానాశ్రయము తెరవబడిన పిదప ఆ సౌలభ్యము పోయినది. ఆర్మూరు బస్సు నగరమును ఉత్తరపు కొసన ప్రవేశించును. విమానాశ్రయము దక్షిణపు కొసన కలదు. నడుమ నగరమంతయు దాటవలసి వచ్చినది. బేగంపేట ఇరుకైపోయిన మాట నిజము. విశాలమైన క్రొత్త విమానాశ్రయము అవసరమైన మాటయు నిజము. అయినను ఒక మార్పు వలన కొందరికి దారి దూరమైనప్పుడు, వారికి వేరొక వెసులుబాటు కల్పించుట ప్రజాసంస్థల విధి.

ఇప్పుడు వేల్పూరు ప్రయాణికునకు గల దారులలో మొదటిది బస్సు. వేల్పూరునుండి ఆర్మూరు, ఆర్మూరునుండి 44వ జాతీయ రహదారి మీదుగా కామారెడ్డి, మేడ్చలు దాటి సికిందరాబాదు, అక్కడ దిగి, ఆర్.టి.సి. వారి పుష్పక్ బస్సునెక్కి శంషాబాదు. పుష్పక్ మంచి బస్సే. సామానునకు చోటు కలదు, విమానాశ్రయములోనికి పోవును, 2019లో ఆ మార్గములకు విద్యుచ్ఛక్తితో నడచు బస్సులు కూడ వచ్చినవి. కాని అది నగరవాసిని దృష్టియందుంచుకొని ఏర్పరచిన బస్సు. ఆర్మూరు బస్సు ఆలస్యమైనచో పుష్పక్ దానికై ఆగదు. ఒకే సంస్థవారి బస్సులైనను ఆ రెంటికి పొత్తు లేదు. మొదటిసారి నగరము చూచుచున్న యువకుడు, రెండు పెద్ద పెట్టెలతో, ఏ బస్సు ఏ చోట ఆగునో తెలియక నిలబడు స్థలము ఆ రెండు బస్సుల నడుమనే కలదు.

రెండవ దారి కిరాయి కారు. ఊళ్లలో ఎక్కువమంది పట్టునది ఈ దారినే. గల్ఫునకు పోవు విమానములలో పెక్కు రాత్రివేళను, తెల్లవారుజామునను బయలుదేరును. మూడు గంటలు ముందుగా చేరవలెను. త్రోవలో ఏమగునో యను భయముచేత మరి రెండు మూడు గంటలు కలుపుకొందురు. సాగనంపుటకు తండ్రియో, అన్నయో, బావయో వెంట వచ్చును. పోవునప్పుడు నిండిన కారు తిరిగివచ్చునప్పుడు సగము ఖాళీ. కిరాయి మాత్రము రెండు ప్రక్కలకును ఇయ్యవలెను. వీసాకును టిక్కెట్టునకును అప్పుచేసినవాడు ఆ అప్పుమీద ఈ కిరాయిని కూడ చేర్చుకొనును. రాత్రియంతయు మేలుకొన్న డ్రైవరు తెల్లవారుజామున అదే రహదారిమీద తిరిగి రావలసియుండును. ఆ ప్రయాణములోని అపాయము చెప్పనక్కరలేదు.

గల్ఫులో మరణించిన కార్మికుని భౌతికకాయము శంషాబాదు చేరినప్పుడు, దానిని స్వగ్రామమునకు చేర్చుటకు ప్రభుత్వము ఉచితముగా వాహనము సమకూర్చును. ఇది మెచ్చదగిన పని. మరణించి వచ్చినవానికి ఊరివరకు బండి యుండవలెనని తోచిన ప్రభుత్వమునకు, బ్రదికి పోవువానికి ఊరినుండి బస్సు ఉండవలెనని తోచుట కష్టము కాదు.

మెట్రో సంగతి చూచినచో, 2022 డిసెంబరు 9వ తేదీన రాయదుర్గమునుండి శంషాబాదు వరకు 31 కిలోమీటర్ల మార్గమునకు శంకుస్థాపన జరిగినది. 2023 డిసెంబరులో ప్రభుత్వము మారిన పిదప ఆ మార్గము విడువబడి, నాగోలు, ఎల్.బి. నగర్, చాంద్రాయణగుట్టల మీదుగా పోవు మార్గము ముందునకు వచ్చినది. 2024లో రాష్ట్రప్రభుత్వము దానిని ఆమోదించి కేంద్రమునకు పంపినది. ఈ రెంటిలో ఏది మేలు అను వాదములో ఉత్తర జిల్లాలవారికి కూడ ఒక మాట కలదు. జూబ్లీ బస్ స్టేషనునుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు 2020 ఫిబ్రవరినుండి మెట్రో నడచుచున్నది. అది పాతబస్తీ మీదుగా చాంద్రాయణగుట్టకు సాగి, అచ్చట విమానాశ్రయ మార్గముతో కలిసినచో, ఆర్మూరు బస్సు దిగినవానికి ఉపయోగము కలుగును. రాయదుర్గపు మార్గము వలన వానికి ఆ మేలు లేదు. కావున రెండవ మార్గమే తగినది. అయినను మెట్రో పూర్తియగుటకు ఏండ్లు పట్టును. పూర్తియైనను అది నడిరాత్రి నడవదు. గల్ఫు ప్రయాణికుని అవసరము నడిరాత్రిదే.

దీనికంటె దగ్గరి ఉపాయము ఒకటి నేలమీదనే పరచియున్నది. నిజామాబాదునుండి కామారెడ్డి, మేడ్చలు, బొల్లారము, మల్కాజిగిరి మీదుగా కాచిగూడకు రైలుమార్గము కలదు. ఆ పట్టాలే కాచిగూడనుండి ఫలక్‌నుమా దాటి ఉందానగరునకు పోవును. ఉందానగరు స్టేషను శంషాబాదులోనిదే. విమానాశ్రయము అచ్చటికి కొద్ది కిలోమీటర్ల దూరము. 2017లో పెద్దపల్లి-నిజామాబాదు మార్గము పూర్తియై ఆర్మూరునకు కూడ రైలు వచ్చినది. 2023 ఏప్రిలులో నగరపు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ఒక ప్రక్క మేడ్చలు వరకును, మరియొక ప్రక్క ఉందానగరు వరకును పొడిగింపబడినవి. నిజామాబాదు ప్రక్కనుండి వచ్చు ఒకటి రెండు రైళ్లను కాచిగూడలో నిలిపివేయక ఉందానగరు వరకు నడపి, స్టేషనునుండి విమానాశ్రయమునకు రైలు వేళకు బస్సు నడపినచో, క్రొత్త పట్టా ఒక్కటైన వేయకయే దారి ఏర్పడును.

రైలుకంటెను సులభమైనది బస్సు. దీనికి ప్రక్క రాష్ట్రములో నిదర్శనము కలదు. బెంగుళూరు క్రొత్త విమానాశ్రయమును 2008లోనే, దేవనహళ్లి వద్ద తెరచిరి. అది నగరమునకు ఉత్తరపు కొసన నుండగా, మైసూరు నగరమునకు నైరుతిని కలదు. అనగా మైసూరువారికి కలిగిన చిక్కు ఆర్మూరువారికి కలిగిన చిక్కు వంటిదే. కర్ణాటక ప్రభుత్వ రవాణాసంస్థ మైసూరునుండి తిన్నగా విమానాశ్రయమునకు ‘ఫ్లైబస్’ పేర బస్సులు నడపినది. ఆర్మూరు బస్సునకు నగరములో చొరబడు పని కూడ లేదు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మేడ్చలు చెంతను, శంషాబాదు చెంతను గూడ పోవుచున్నది. మేడ్చలు వద్ద ఆ రహదారి ఎక్కినచో శంషాబాదులో దిగవచ్చును.

కావలసినది ఏదో యొక బస్సు కాదు, నమ్మదగిన బస్సు. అది విమానముల వేళలననుసరించి పగలును రాత్రియు నడువవలెను. ఆర్మూరు, నిజామాబాదు, కామారెడ్డిలలో ఆగవలెను. పెద్ద పెట్టెలకు క్రింద చోటుండవలెను. సాగనంప వచ్చినవారు తిరిగి పోవుటకు అదే టిక్కెట్టుమీద కొంత తగ్గింపు ఇయ్యవలెను. బోర్డులు తెలుగులో పెద్ద అక్షరములతో ఉండవలెను. అక్కడక్కడ ఒక బస్సు నాలుగు దినములు నడచి, నిండలేదని నిలిచిపోయినచో ప్రయోజనము లేదు. వేళ తప్పు బస్సును నమ్మి విమానము పోగొట్టుకొనువాడెవడు?

ఇట్టి బస్సు నిండదు, నష్టము వచ్చునని కొందరనవచ్చును. ఆ సందేహము త్రోసివేయదగినది కాదు. కాని ప్రతిరాత్రియు ఉత్తర జిల్లాలనుండి శంషాబాదునకు పోవు కిరాయి కార్లే ఆ బస్సునకు ప్రయాణికులున్నారనుటకు సాక్ష్యము. కార్లు నడపి బ్రదుకువారి జీవనము చెడునని మరియొక మాట. బస్సు వచ్చిన పిదప కూడ వృద్ధులు, రోగులు, పసిపిల్లల తల్లులు కారులోనే పోవుదురు. ఊరినుండి ఆర్మూరు బస్ స్టాండు వరకు ఆటోవానికి పని పెరుగును. స్తోమత కలవానికి కారు ఉండనిండు; స్తోమత లేనివానికి కారు తప్ప వేరు దారి లేకుండుట అన్యాయము.

ఈ విషయములో ఉపాధ్యాయులును విద్యార్థులును చేయదగిన పని యొకటి కలదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, హైదరాబాదు దాటి, నిర్మల మీదుగా నాగపురమునకు ఈ సీమగుండనే సాగెను. త్రోవలో ఏ మజిలీలో నీరు దొరకును, ఏ ఊర సరకులు దొరకును, బాట ఎట్లున్నది అని ఆయన వ్రాసి పెట్టెను. ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగువారికి ఆదరపాత్రమగుటకు ఒక కారణమిదియే: తన వెనుక రాబోవువాని చిక్కు ఆయనకు తెలియును. నేటి పాఠశాలలో పదవ తరగతి విద్యార్థులు తమ ఊరినుండి విమానాశ్రయమునకు దారిని, బస్సుల వేళలను, ఎక్కవలసిన చోట్లను, కిరాయిలను విచారించి, చక్కని తెలుగులో ఒక కాగితముపై వ్రాసి పంచాయతీ గోడమీద అంటింపవచ్చును. వ్యాసరచనకు ఇంతకంటె ఉపయోగకరమైన అభ్యాసము దొరకదు. ఆ వ్రాతలో కనబడిన లోపములే ఆర్.టి.సి. వారికి పంపదగిన వినతిపత్రమగును.

ఇట్టి పని వేల్పూరునకు క్రొత్త కాదు. 2001 అక్టోబరు 2వ తేదీన ఈ మండలము బాలకార్మికులు లేని మండలముగా ప్రకటింపబడినది. పొలములలోను, బీడీల పనిలోను ఉన్న పిల్లలను బడికి తెచ్చుటకు ఉపాధ్యాయులు, అధికారులు, గ్రామపెద్దలు ఇల్లిల్లు తిరిగిరి. నాడు బడిలో చేరిన పిల్లలు నేడు ముప్పది యేండ్లు దాటినవారు. వారిలో కొందరైనను పనికొరకు విమానమెక్కియుందురు. వారిని బడివరకు నడిపించిన ఊరు, ఆ విమానమువరకు గౌరవముగా చేరు దారిని కూడ అడిగి సాధింపవలెను.