మిషన్ తర్వాత కొందాం, ముందు ఆర్డర్ తెద్దాం

పోస్ట్ కొంచెం పొడుగుంటది, మధ్యలో లెక్కలు కూడా ఉన్నయ్. ఓపికగా చదవండి.

కొన్ని రోజులుగా మన పిల్లల్లో ఒకటే చర్చ: టీషర్ట్ ప్రింటింగ్ పెడదామని. ఆలోచన మంచిదే. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం వస్తే ప్రతి మండలంలో వందల షర్టులు వేయిస్తారు. వేసేదెవరు? టౌన్లో ఫ్లెక్సీ షాపోళ్ళు. డబ్బు మనది, కొమురం భీం బొమ్మ మనది, "జల్ జంగల్ జమీన్" నినాదం మనది, లాభం మాత్రం వేరేవాళ్ళది. 1/70 చట్టం భూమికి అడ్డుగా నిలబడుతుంది గానీ టీషర్ట్ ఆర్డర్‌కి అడ్డుగా నిలబడదు కదా. అది మనమే తెచ్చుకోవాలి.

ఇక్కడి దాకా అందరిదీ ఒకే మాట. ఎట్ల పెట్టాలి అనే దగ్గరే రెండు వర్గాలు అయినయ్. ఒక వర్గం "లోన్ తీసుకుని మిషన్ కొందాం" అంటోంది. ఇంకో వర్గం "ఇన్‌స్టాలో పేజీ పెడదాం, ఆన్‌లైన్ కంపెనీ వాళ్ళే ప్రింట్ చేసి పంపుతారు, మనకి పెట్టుబడి సున్నా" అంటోంది. నా అభిప్రాయం ఏంటంటే, మొదటి ఏడాది ఈ రెండూ మనకు సరిపడవు. ముందు ఆర్డర్, అడ్వాన్స్ తీసుకోవాలి, తర్వాత బయట జాబ్ వర్క్‌కి ఇచ్చి వేయించాలి. కారణాలు చెప్తా.

ముందు మిషన్ సంగతి. ప్రింటింగ్ అంటే ఒకటే పని కాదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ తయారు చేయాలి. అందుకే పది షర్టులకి ఖర్చెక్కువ, వందకి తక్కువ. డీటీఎఫ్‌లో బొమ్మని ఫిల్మ్ మీద ప్రింట్ చేసి, హీట్ ప్రెస్‌తో బట్టకి అంటిస్తారు. ఎన్ని రంగులున్నా ఫర్వాలేదు, ఒక్క షర్టు కూడా వేయొచ్చు, కాకపోతే పెద్ద బొమ్మ అయితే ఛాతీ మీద ప్లాస్టిక్ అతికించినట్టు ఉంటది, ఎండలో ఉక్కపోస్తది. సబ్లిమేషన్ అయితే పాలిస్టర్ బట్టకే, అదీ లేత రంగుకే పడుతుంది. కబడ్డీ, వాలీబాల్ జెర్సీలకి అది కరెక్ట్, కాటన్‌కి పనికిరాదు. అంటే ఏ మిషన్ కొన్నా అన్ని ఆర్డర్లూ దాని మీద అయిపోవు. ఏ రకం ఆర్డర్లు ఎక్కువ వస్తాయో తెలియకుండా మిషన్ కొంటే, బావి తవ్వకుండా మోటార్ కొన్నట్టే.

లెక్క కోసం అనుకుందాం. చిన్న డీటీఎఫ్ మిషన్, హీట్ ప్రెస్, కంప్యూటర్ అన్నీ కలిపి 3 లక్షల అప్పు. 11 శాతం వడ్డీ, ఐదేళ్ళు అయితే నెలకి 6,500 పైన కిస్తీ. షర్టుకి 80 రూపాయలు మిగిలినా, కిస్తీకే నెలకి 82 షర్టులు వేయాలి. ఏడాదికి దాదాపు 980. ఇంకా ఇంక్, కరెంటు, రూమ్ కిరాయి లెక్కలోకి రాలేదు. మన ఆర్డర్లేమో నెల నెలా రావు, పండుగలకి వస్తాయి. ఆగస్టు 9, ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీం వర్ధంతి, పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా జాతర, ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి, రెండేళ్ళకోసారి మేడారం, సంక్రాంతి టోర్నమెంట్లు. మధ్యలో నెలలకు నెలలు ఖాళీ. డీటీఎఫ్ మిషన్‌కి ఖాళీ అంటే పడదు. తెల్ల ఇంక్ అడుగున పేరుకుని హెడ్ జామ్ అవుతుంది. నడిపినా నడపకపోయినా రోజూ దాన్ని చూసుకోవాలి. మనకేమో సెమిస్టర్ పరీక్షలుంటాయి, హాస్టల్ రూమ్‌లో మిషన్ పెట్టనివ్వరు, ఊళ్ళో పెడదామంటే వోల్టేజ్ సంగతి మీకే తెలుసు.

"సబ్సిడీ వస్తుంది కదా తమ్మీ" అని కొందరు అన్నలు అంటున్నారు. వస్తుంది. పీఎంఈజీపీలో ఎస్టీలకు గ్రామీణ ప్రాంతంలో 35 శాతం, పట్టణంలో 25 శాతం సబ్సిడీ ఉంది, మన వాటా 5 శాతం పెడితే చాలు. కానీ ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆ సబ్సిడీ డబ్బు మన చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నడుస్తోందని చూశాక అప్పులో జమ చేస్తారు. మధ్యలో మూతపడితే సబ్సిడీ మీద ఆశ కూడా పోతుంది, అప్పు మిగులుతుంది. స్టాండప్ ఇండియా ఉన్నప్పుడు అయితే మొదలే 10 లక్షల నుంచి ఉండేది. మనకు అది ఎక్కువే. నేను స్కీములకి వ్యతిరేకం కాదు. స్కీమ్ ఉంది కాబట్టి వ్యాపారం పెట్టొద్దు, వ్యాపారం నడుస్తోంది కాబట్టి స్కీమ్ వాడుకుందాం అంటున్నా. సబ్సిడీ కోసం కొన్న కుట్టు మిషన్లు, జిరాక్స్ మిషన్లు ఎన్ని ఇళ్ళల్లో గోనె సంచి కప్పుకుని ఉన్నాయో ఒకసారి మీ ఊరు తిరిగి చూడండి.

ఇక ఆన్‌లైన్ పద్ధతి. దీన్ని ప్రింట్ ఆన్ డిమాండ్ అంటారు. మనం డిజైన్ పెడతాం, కస్టమర్ ఆర్డర్ ఇస్తే ఆ కంపెనీ వాళ్ళే షర్టు మీద వేసి కొరియర్ చేస్తారు. స్టాక్ భయం లేదు, నిజమే. కానీ ఒక్కొక్కటిగా వేస్తారు కాబట్టి షర్టు ధర ఎక్కువ పడుతుంది. షర్టు, ప్రింట్ కలిపి 300, కొరియర్ 70 అనుకోండి. 370 అక్కడే అయింది. 450కి అమ్మితే మనకి 80, అందులో పేమెంట్ చార్జీలు పోవాలి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగం చేసే మన అన్న 450 పెడతాడు. ఉట్నూర్‌లో ఇంటర్ చదివే పిల్లగాడు పెడతాడా? పెట్టినా కొరియర్ అబ్బాయి మండల కేంద్రం దాటి గూడెం దాకా రాడు. పైగా షర్టు మన చేతికి రాకుండానే కస్టమర్‌కి పోతుంది. బట్ట పల్చగా ఉన్నా, బొమ్మ వంకరగా పడ్డా తిట్లు మనకే. కాబట్టి ఇది బయట ఉన్నవాళ్ళ కోసం పక్కన నడుపుకోవచ్చు గానీ, దీని మీదే బతకలేం.

ఇప్పుడు నేను చెప్పే మూడో దారి. ఒక డిజైన్, ఒక సందర్భం, ఒక చివరి తేదీ. నెలన్నర ముందు పోస్టర్ పెట్టాలి. సైజు, పేరు, అడ్వాన్స్ తీసుకోవాలి. ఆర్డర్లు క్లోజ్ అయ్యాక హోల్‌సేల్‌లో ప్లెయిన్ షర్టులు తెచ్చి, స్క్రీన్ ప్రింటర్ దగ్గర జాబ్ వర్క్‌కి ఇవ్వాలి. 100 షర్టుల లెక్క ఇట్ల అనుకుందాం:

ప్లెయిన్ కాటన్ షర్టులు, ఒక్కోటి 150 చొప్పున 15,000.
రెండు రంగులకి రెండు స్క్రీన్లు 1,000.
ప్రింటింగ్ ఒక్కోదానికి 20 చొప్పున 2,000.
రవాణా 1,000.
బొమ్మ గీసిన వాళ్ళకి 1,000.
మొత్తం 20,000. అంటే షర్టుకి 200.

280కి అమ్మితే, పాడైనవి, సైజు తేడా వచ్చినవి ఒక 5 తీసేసినా 95 మీద 26,600 వస్తుంది. మిగిలేది 6,600. ఇదే ఆర్డర్ తీసుకోకుండా అంచనాతో 100 వేసి, 20 మిగిలిపోతే లాభం 2,400కి పడిపోతుంది. 72 షర్టులు అమ్ముడుపోతేనే అసలు వస్తుంది, 71 దగ్గర ఆగితే నష్టమే. ఆగస్టు 9 అని రాసిన షర్టు ఆగస్టు 10న ఎవడు కొంటాడు? అందుకే ముందు ఆర్డర్ అంటున్నా. సగం అడ్వాన్స్ అంటే ఒక్కొక్కరి దగ్గర 140, వంద మందికి 14,000. ఇంక చేతి నుంచి పెట్టాల్సింది 6,000. ఐదుగురు ఉంటే తలా 1,200. ఎవరి స్కాలర్‌షిప్ మునగదు, ఎవరి నాన్నా పత్తి అమ్మిన పైసలు తీసి ఇవ్వక్కర్లేదు. ఈ రేట్లు నేను లెక్క కోసం పెట్టినవి. మీ దగ్గర కనుక్కుని అవే వరసల్లో రాసుకోండి, మీ లెక్క మీకు తేలుతుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. ఒకటి, "జాబ్ వర్క్‌కి ఇస్తే మళ్ళీ టౌన్ షాపోడికే డబ్బు పోతుంది కదా". పోతుంది, కానీ ఎంత? పై లెక్కలో ప్రింటింగ్‌కి పోయేది స్క్రీన్లతో కలిపి 3,000. మనకి మిగిలేది 6,600, బొమ్మ గీసిన మన పిల్లకి 1,000. అంటే పెద్ద భాగం మిషన్ ఉన్నవాడి దగ్గర లేదు, ఆర్డర్ ఉన్నవాడి దగ్గర ఉంది. పైగా నాలుగు సార్లు అక్కడ నిలబడి చూస్తే ఇంక్ ఎట్ల కలుపుతారో, ఎంత వేడి పెడతారో మనకే వస్తుంది. ఏడాదిలో ఐదారు బ్యాచ్‌లు అయ్యాక లెక్క పుస్తకం తీసి చూద్దాం. జెర్సీలే ఎక్కువ వచ్చాయా, సబ్లిమేషన్ గురించి ఆలోచిద్దాం. కాటన్ వచ్చాయా, చేత్తో వేసే స్క్రీన్ ప్రింటింగ్ టేబుల్ చాలు, దానికి 50 వేల లోపు వచ్చే ముద్ర శిశు లోన్ సరిపోవచ్చు. అప్పుడు బ్యాంకు మేనేజర్ ముందు కూర్చుంటే చూపించడానికి మన చేతిలో లెక్క ఉంటుంది.

రెండోది అసలైనది. మనోళ్ళు అడ్వాన్స్ ఇస్తారా? "అరే తమ్మీ, మనం మనం కదా, ప్రోగ్రాం అయినంక ఇస్తా" అంటారు. సంఘం పేరు చెప్పి 50 షర్టులు తీసుకుపోయే పెద్దలు కూడా ఉంటారు. ఇక్కడే మన వ్యాపారాలు చస్తున్నాయి. అదే అన్న ఫ్లెక్సీ షాపులో మాత్రం ముందే డబ్బు కట్టి రసీదు తీసుకుంటాడు. అక్కడ కట్టే చెయ్యి మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ముడుచుకుంటుంది? దీనికి ఒకటే నియమం: అడ్వాన్స్ లేనిది సైజు రాసుకోవద్దు, బాకీ కట్టనిది షర్టు ఇవ్వొద్దు. నాయకుడికైనా, మామకైనా, బావకైనా. ఎవరైనా ఉచితంగా ఇవ్వాలనుకుంటే తన జేబులోంచి కట్టి ఇవ్వొచ్చు.

డబ్బు కాకుండా ఇంకో విషయం ఉంది, నాకు దీని మీదే ఎక్కువ పట్టింపు. షర్టు మీద ఏం వేస్తాం? గూగుల్‌లో దొరికిన బొమ్మ ఎవరో ఒకరు గీసిందే, దాన్ని తీసి అమ్మితే దొంగతనమే. మన దగ్గర గీసే పిల్లలు ఉన్నారు, వాళ్ళకి పైసలిచ్చి, పేరు వేసి గీయిద్దాం. గోండి లిపిలో రాయాలంటే గుంజాల గోండి లిపికి 2018లోనే యూనికోడ్ వచ్చింది, కానీ ఫాంట్ ఉంటే చాలదు, చదవగలిగిన పెద్ద మనిషికి చూపించాకే స్క్రీన్ చేయించాలి. పెన్ గుర్తులు, గోత్రాల గుర్తులు అమ్మకానికి కాదు. వేయొచ్చా లేదా అన్నది మన పటేళ్ళని, కటోడాలని అడగాలి, వద్దంటే వద్దు. భీం బొమ్మ వేసిన షర్టు ఒక్క ఉతుకుకే రంగు పోయి నేల తుడిచే గుడ్డ అయితే అది మనకే అవమానం. కాబట్టి బట్ట దగ్గర కక్కుర్తి పడొద్దు. పల్చటి షర్టు కంటే 180 జీఎస్ఎం కాటన్ తీసుకుని పది రూపాయలు తక్కువ మిగుల్చుకోవడం నయం.

చివరగా కాగితాలు. ఐదుగురం స్నేహితులం అని నోటి మాటతో మొదలుపెట్టొద్దు. ఎవరు ఎంత పెట్టారు, ఎవరి పని ఏంటి, లాభం ఎట్ల పంచాలి, ఒకరికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే వాళ్ళ వాటా ఏం చేయాలి అన్నది రాసుకుని అందరూ సంతకాలు పెట్టాలి. స్నేహం చెడేది నష్టం వచ్చినప్పుడు కాదు, లెక్క లేనప్పుడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ వెయ్యి, రెండు వేలు ఇవ్వకండి. జీఎస్టీకి భయపడక్కర్లేదు. వస్తువులు అమ్మేవాళ్ళకి తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు, ఆంధ్రలో 40 లక్షల టర్నోవర్ దాటితేనే రిజిస్ట్రేషన్. కానీ వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి షర్టుకే కావాలి. భద్రాచలం నుంచి చింతూరుకి, ఆసిఫాబాద్ నుంచి గడ్చిరోలికి పంపుదాం అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. చుట్టరికానికి సరిహద్దు లేదు గానీ బిల్లుకి ఉంది.

నా మాట అందరికీ నచ్చకపోవచ్చు. మిషన్ కొనాలనే అన్నలు ఒక్క పని చేయండి. మీ ఊరు, మీ మండలం, మీ హాస్టల్ కలిపి డబ్బు ముందే కట్టే 100 మంది పేర్లు, సైజులు ఒక కాగితం మీద రాసి తీసుకురండి. ఆ లిస్ట్ వస్తే ఈ ఆగస్టు 9 షర్టు మనమే వేద్దాం, లెక్క మొత్తం గ్రూపులో పెడదాం. లిస్ట్ రాకపోతే, మిషన్ వచ్చినా దాని మీద వేయడానికి ఏమీ ఉండదు.

జై ఆదివాసీ. జై జై ఆదివాసీ.