కారుకు ‘పికప్’ పెట్టె: శక్తి ఎంత, బాధ్యత ఎవరిది?

ఇంజను విప్పనక్కరలేదు, మెకానిక్కుతో పనిలేదు, పది నిమిషాలలో బండికి పికప్ పెరుగుతుంది అన్న ప్రకటనలతో అరచేతిలో ఇమిడే పెట్టెలు నేడు అంతర్జాలంలో ధారాళంగా అమ్ముడవుతున్నాయి. ధర కొన్ని వేల రూపాయలు. సరిహద్దు పల్లెలలో కారు విలాసవస్తువు కాదు. వేలూరు ఆసుపత్రికి, తిరుపతి మొక్కుకు, గడి అవతలి పెళ్ళికి ఇంటిల్లిపాదిని మోసేది అదే. కొన్ని కుటుంబాలకు అదే బాడుగ బండి, అదే జీవనాధారం. కనుక ఈ పెట్టె చేసే పని ఏమిటో, చేయని పని ఏమిటో తెలుసుకోవడం అవసరం. పెట్టెతో వచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అమ్మేవాడు తమిళంలోనో కన్నడంలోనో వివరిస్తాడు. కష్టనష్టాలు మాత్రం కొన్నవారి భాషలోనే వినవలసి వస్తుంది.

ఒకే పేరుతో చలామణి అవుతున్న ఈ పెట్టెలు నిజానికి రెండు వేర్వేరు జాతులు. మొదటిది పెడలుకు తగిలించేది. పూర్వపు కార్లలో యాక్సిలరేటరు నుండి ఇంజను వరకు ఒక తీగె ఉండేది. కాలు ఎంత నొక్కితే తీగె అంత లాగేది. నేటి కార్లలో తీగె లేదు. పెడలు దగ్గర ఉన్న సెన్సార్లు కాలు ఎంత నొక్కిందో విద్యుత్ సంకేతంగా ఈసీయూ అనే కంప్యూటరుకు తెలుపుతాయి, ఎంత ఇంధనం, ఎంత గాలి ఇవ్వాలో అది నిర్ణయిస్తుంది. పెట్టె ఈ రెంటి నడుమ దూరి సంకేతాన్ని పెంచి చెబుతుంది. కాలు సగం నొక్కితే ముప్పాతిక నొక్కినట్లు ఈసీయూ నమ్ముతుంది. బండి ముందుకు దూకుతుంది, కొన్నవారు సంతోషిస్తారు. అయితే పెడలు అడుగంటా తొక్కినప్పుడు పెట్టె ఉన్నా లేకున్నా వచ్చే శక్తి ఒక్కటే. అంటే ఇది ఇంజనుకు ఒక్క అశ్వశక్తిని కూడా చేర్చదు. పాదాన్ని బరువుగా చేస్తుంది, అంతే. ‘ఎకో’ అన్న మీట నొక్కితే సంకేతాన్ని తగ్గించి చెబుతుంది. మైలేజీ పెరిగిందంటే అది కాలు నెమ్మదించినందువల్ల వచ్చినదే. ఆ నెమ్మది డబ్బివ్వకుండానే అలవరచుకోదగినది. పెట్టెను ఎక్కువ మీటలో ఉంచి మొదటి గేరులో ఇరుకు సందున బండి నడపడం మాత్రం కొత్తగా నేర్చినవారికి ప్రమాదకరమే.

రెండవ జాతి పెట్టె అసలు ఇంజనుతోనే ఆడుకుంటుంది. కామన్ రైల్ డీజిల్ ఇంజనులో డీజిలు వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైబడిన ఒత్తిడిలో ఒక గొట్టంలో నిలిచి ఉంటుంది. ఆ ఒత్తిడిని కొలిచే సెన్సారుకు, ఈసీయూకు మధ్య పెట్టె చేరి, ఒత్తిడి తక్కువగా ఉందని అబద్ధం చెబుతుంది. ఈసీయూ ఆ మాట నమ్మి ఒత్తిడి పెంచుతుంది. లోపలికి ఎక్కువ డీజిలు చేరుతుంది, టర్బో ఉన్న బండిలో శక్తి నిజంగానే పెరుగుతుంది. టర్బో లేని పెట్రోలు కారులో మాత్రం, పెట్టె అయినా మరొకటి అయినా, పెరిగేది స్వల్పం. అక్కడ 20, 30 శాతం అని చెప్పే ప్రకటనలను నమ్మనవసరం లేదు.

మరి డీజిలు కారులో నిజంగా పెరిగినప్పుడు అభ్యంతరమేమిటి? మన ప్రాంతాలలో సుపరిచితమైన ఉదాహరణే చాలు. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజను 2007లో మారుతి స్విఫ్ట్‌లోకి వచ్చింది. దాని శక్తి 75 అశ్వశక్తులు, లాగుడు బలం 190 న్యూటన్ మీటర్లు. అదే ఇంజను ఎర్టిగా వంటి పెద్ద కార్లలో 90 అశ్వశక్తులు, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. ఆ 15 అశ్వశక్తుల కోసం తయారీదారు ఈసీయూ లెక్కలు మార్చి ఊరుకోలేదు, టర్బోనే మార్చి రెక్కల కోణం మారే రకాన్ని అమర్చాడు. పాత టర్బోకే, పాత క్లచ్చికే పెట్టె తగిలించి లాగుడును పావువంతు పెంచితే 190 కాస్తా 237 దాటుతుంది. ఆ అదనపు బరువు ముందుగా పడేది క్లచ్చి మీద. తరువాత పొగ నల్లబడుతుంది, పొగ వేడి పెరుగుతుంది, ఆ వేడి టర్బోకు తగులుతుంది. తయారీదారు కొంత శక్తిని దాచి ఉంచుతాడన్న మాట అబద్ధం కాదు. కాని దాచినది కల్తీ డీజిలుకు, మే నెల ఎండకు, ఎనిమిదిమందిని ఎక్కించుకుని ఘాటు ఎక్కే రోజుకు, లక్ష కిలోమీటర్ల అరుగుదలకు. పెట్టె కొన్నవారు ఆ నిల్వను ముందే ఖర్చు చేస్తున్నారు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్-6 డీజిలు కార్లలో చిక్కు మరింత ఎక్కువ. అదనపు మసి వెళ్ళి పొగగొట్టంలోని వడపోతలో పేరుకుంటుంది. ఆ వడపోత ఖరీదు ముందు పెట్టె ఖరీదు ఏపాటిది?

చట్టం సంగతి చాలామందికి తెలియదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన, ఆర్సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును కచ్చితంగా పాటించవలసినదేనని తీర్పు చెప్పింది. అదే సంవత్సరం చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షనులో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలుంది. అమ్మినవాడు కాదు, బిగించినవాడు కాదు, ఇక్కడ పేర్కొన్నది యజమానిని. ఇది కేంద్ర చట్టం కనుక కర్ణాటక గడి దాటి ఆంధ్రలోకి వచ్చినా, తమిళనాడులోకి వెళ్ళినా మారదు. సీఎన్‌జీ కిట్టు పెట్టించదలచినవారికి ఆమోదించిన కిట్టు, ఆర్టీఓ కచేరీలో నమోదు అన్న దారి ఉంది. ఈ పెట్టెలకు అటువంటి నమోదు చేయించి ఇస్తామని అమ్మేవారెవరూ అనరు.

చెకింగులో పెడలు కింద ఎవరు చూస్తారన్న ధీమా కొంతవరకు నిజమే. కాని ఇన్సూరెన్సు సర్వేయరు చూస్తాడు. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే సొంత బండి నష్టానికి పరిహారం తిరస్కరించే అవకాశం కంపెనీకి దొరుకుతుంది. వారంటీ ఉన్న బండి అయితే షోరూము వారు ఇంజను మరమ్మతుకు అదే మాట అంటారు. బాడుగ బండి మీద అప్పు కడుతున్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇక పొగ. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ పరీక్షలో ఒక తీరున, రోడ్డు మీద మరొక తీరున నడిచే ప్రోగ్రామును ఈసీయూలో పెట్టినట్లు అమెరికాలో బయటపడినప్పుడు ప్రపంచమంతా దానిని మోసమన్నది. పొల్యూషన్ సర్టిఫికెట్టుకు వెళ్ళేముందు పెట్టె ఊడదీసి, వచ్చాక తిరిగి తగిలించే పనికి, దానికి పరిమాణంలోనే తేడా.

పికప్ తగ్గిందని పెట్టెకు పరుగెత్తేవారి బండ్లలో చాలా వాటికి రోగం వేరే ఉంటుంది. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరు, నీరు చేరిన డీజిల్ ఫిల్టరు, పగిలిన టర్బో గొట్టం, మసి పట్టిన ఈజీఆర్, గాలి తగ్గిన టైర్లు, జారుతున్న క్లచ్చి: వీటిలో ఏ ఒక్కటున్నా బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది. మంచి షెడ్డులో ఒక పూట పనితో పోయే బాధ ఇది. జారుతున్న క్లచ్చి మీద పెట్టె బిగిస్తే దారిలో ఆగిపోవడమే మిగులుతుంది. తిరుమల ఘాటు మీద నిర్ణీత సమయం కంటె ముందే చేరిన బండికి శిక్ష ఉందన్న సంగతి కూడ పికప్ ప్రియులు గుర్తుంచుకోవచ్చు.

సెకండ్ హ్యాండు కారు కొనేవారు ఒక పరీక్ష చేయవలసి ఉంది. పెడలు పైన, ఇంజను మీది ఇంధన గొట్టం చివర ఉన్న కనెక్టర్లను టార్చి వేసి చూడాలి. కంపెనీ వైరుకు వేరే రంగు వైరు గాని, టేపు చుట్టిన అతుకు గాని కనిపిస్తే అడగాలి. తగిలించే పెట్టె అయితే తీసివేసి పాత కనెక్టరు తిరిగి గుచ్చితే సరిపోతుంది. ఈసీయూలోని లెక్కలనే తిరగరాసిన బండి అయితే కంటికి ఏమీ కనబడదు. అటువంటి అనుమానం ఉంటే కంపెనీ సర్వీసు కేంద్రంలో స్కానరు పెట్టించి, ఈసీయూలో కంపెనీ ప్రోగ్రామే ఉన్నదని తేలిన తరువాతనే బయానా ఇవ్వాలి.